ఉబుంటులో బయటి సాఫ్ట్‌వేర్: తాళం చెవి ఎవరికి ఇస్తున్నాం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు 24.04 వేసుకున్నారు. ఆఫీసు పనీ దాంట్లోనే, బ్యాంకు పనీ దాంట్లోనే. ఇప్పుడు క్రోమ్, జూమ్, కోడ్ రాసే వీఎస్ కోడ్, తెర రికార్డ్ చేసే ఓబీఎస్, తెలుగు ఫాంట్లు, ఇంట్లో ఉన్న పాత లేజర్ ప్రింటర్‌కి డ్రైవర్ కావాలి. ఏ సైటుకి వెళ్ళినా ఒక లైన్ ఇచ్చి టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) పేస్ట్ చేయమంటోంది. కొన్ని ఇప్పటికే పేస్ట్ చేశారు కూడా. లైనక్స్‌కి వైరస్‌లు రావు, ఏదైనా వేసుకోమని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఉబుంటు సొంత స్టోర్ దాటితే ప్రమాదమేనని ఇంకొకాయన భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా వినొద్దు. నేను పద్దెనిమిదేళ్ళుగా లైనక్స్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. మా ఇంట్లో అందరి కంప్యూటర్లలోనూ లైనక్సే. బయటి సాఫ్ట్‌వేర్ లేకుండా నాకే రోజు గడవదు కాబట్టి వేయొద్దని మీకు చెప్పలేను. కానీ వేసే ప్రతిసారీ మూడు సంగతులు చూసుకుంటాను. దీనితో నేను ఎవరికి తాళం చెవి ఇస్తున్నాను? అది ఎన్నాళ్ళు వాళ్ళ దగ్గర ఉంటుంది? రేపు వద్దనుకుంటే తిరిగి తీసుకోగలనా?

తాళం చెవి అని ఎందుకంటున్నానో ఒక సంగతి చెప్తే తెలుస్తుంది. 2019లో మా బావమరిది జిరాక్స్ షాపులో ఒక కంప్యూటర్‌కి నేనే ఉబుంటు వేసిచ్చాను. ప్రింటర్ మాత్రం పని చేయలేదు. హాల్‌టికెట్ల సీజను, కౌంటర్ ముందు పిల్లలు క్యూ కట్టారు. టెన్షన్‌లో ఏదో బ్లాగులో ఒక లైన్ కనిపిస్తే పేస్ట్ చేసి, పాస్‌వర్డ్ కొట్టి, ఎంటర్ నొక్కాడు. ప్రింటర్ కదిలింది, ఆ రోజు గట్టెక్కింది. ఆరు నెలల తర్వాత నేను వెళ్ళి చూస్తే ఆ మెషీన్‌కి అప్‌డేట్లే లేవు. ఎందుకని అడిగితే, "అప్‌డేట్ నొక్కినప్పుడల్లా ఏదో ఎర్రర్ వస్తోంది బావా, అందుకే మానేశాను" అన్నాడు.

ఉబుంటులో ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) దింపి వేసే పనిముట్టు పేరు ఆప్ట్. అవి ఉండే చోట్లని రిపాజిటరీలు, పొట్టిగా రెపోలు అంటారు. ఆప్ట్ తన రిపాజిటరీల అడ్రసులు దాచుకునే ఫోల్డర్ తెరిచాను. నేను పెట్టని ఫైలు ఒకటి కనిపించింది. లోపల ఒకటే లైను. ఎప్పుడూ వినని ఒక వెబ్‌సైట్ అడ్రసు, దాని ముందు చదరపు బ్రాకెట్లలో "ట్రస్టెడ్ ఈక్వల్ టు ఎస్" అనే మాట. ఈ సైటు నుంచి వచ్చే ప్యాకేజీల మీద సంతకం సరిచూడొద్దు, ఏది వస్తే అది వేసెయ్ అని సిస్టమ్‌కి చెప్పడమన్నమాట. అడ్రసు కూడా హెచ్‌టీటీపీఎస్ కాదు, మామూలు హెచ్‌టీటీపీ. సైటు తెరవబోతే డొమైన్ గడువు తీరిపోయి అమ్మకానికి ఉంది.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. ఎవరైనా ఆ డొమైన్ కొనుక్కుని, అక్కడ పెద్ద వెర్షన్ నంబరుతో ఒక ప్యాకేజీ పెడితే చాలు. మావాడు అప్‌డేట్ చేసిన రోజు అది రూట్ హక్కులతో, అంటే సిస్టమ్‌లో ఏదైనా చేయగల అధికారంతో, వచ్చి కూర్చుంటుంది. ఆ కంప్యూటర్‌లో ఊళ్ళోవాళ్ళ ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, మార్కుల మెమోలు, పాస్‌బుక్ మొదటి పేజీలు వందల కొద్దీ స్కాన్ చేసి ఉన్నాయి. నాకు తెలిసినంతలో ఏమీ జరగలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డ్రైవర్ వేయడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల కోసం తెరిచిన తలుపు ఆరు నెలలు అలాగే తెరిచి ఉంది.

ఇప్పుడు ఉబుంటు సొంత రెపో సంగతి చూద్దాం. అక్కడ ప్యాకేజీల జాబితా ఫైలు ఒకటి ఉంటుంది, దానిమీద ఉబుంటు వాళ్ళ డిజిటల్ సంతకం ఉంటుంది. జాబితాలో ప్రతి ప్యాకేజీకీ దాని హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి ఉంటుంది. ఆప్ట్ ముందు సంతకం చూస్తుంది, తర్వాత దిగిన ఫైలు హ్యాష్‌ని జాబితాతో పోల్చుతుంది. దారిలో ఎవరైనా ఫైలు మార్చితే అక్కడే దొరికిపోతుంది. అందుకే మిర్రర్లు మామూలు హెచ్‌టీటీపీ మీద నడిచినా భయపడనక్కర్లేదు. ఆ బ్లాగు లైన్ ఈ మొత్తం కాపలాని ఒక్క మాటతో పక్కకి నెట్టేసింది.

కాబట్టి ఏది కావాలన్నా ముందు ఇంట్లో, అంటే ఈ సొంత రెపోలో, వెతకండి. ఉబుంటుకి మూలమైన డెబియన్ లైనక్స్ 12వ వెర్షన్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి, ఉబుంటు ఆ సంపద మీదే నిలబడింది. బయట నుంచి తెచ్చుకునేవాటిలో చాలా వరకు ఇక్కడే ఉన్నాయని మనవాళ్ళకి తెలియదు. ఒక చిన్న మెలిక కూడా గుర్తుపెట్టుకోండి. ఉబుంటు రెపోలో "మెయిన్" అనే భాగానికి ఉబుంటు తయారుచేసే కెనానికల్ కంపెనీ ఐదేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుంది. "యూనివర్స్" అనే భాగాన్ని చూసుకునేది ఎక్కువగా వాలంటీర్లు. వీఎల్‌సీ లాంటివి ఆ రెండో భాగంలో ఉంటాయి. కెనానికల్ ఇచ్చే ఉబుంటు ప్రో సర్వీసుకి రిజిస్టర్ చేసుకుంటే ఆ భాగానికీ సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. సొంత వాడకానికి ఐదు మెషీన్ల వరకు ఉచితం. ఈ పని ఇవాళే చేసుకోండి.

సొంత రెపోలో కూడా విషం కలవొచ్చు కదా అంటారా? కలిసింది కూడా. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి ఉందని బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని తీగ లాగితే డొంకంతా కదిలింది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా ఓపిగ్గా పని చేసి, ఆ ప్రాజెక్టు నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని కలిపారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటిది. మీరు వాడుతున్న 24.04 బీటా వారం ఆలస్యంగా రావడానికి కారణం ఇదే. ఆ లైబ్రరీ వచ్చిన తర్వాత తయారైన ప్యాకేజీలన్నిటినీ తీసేసి మళ్ళీ కట్టారు.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. డెబియన్ స్టేబుల్ వాడేవాళ్ళకి ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ కొత్త వెర్షన్ అక్కడికి రానే లేదు. అది చేరింది డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా (ఇంకో లైనక్స్) టెస్టింగ్ లాంటి, కొత్తవి ముందుగా వచ్చే వాటికి. "రెపోలో వెర్షన్ పాతది, కొత్తది కావాలి" అన్న ఒక్క కారణంతో బయటికి పరిగెత్తేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ కొత్త వెర్షన్‌లో మీకు కావాల్సిన ఫీచర్ ఏదో పేరు పెట్టి చెప్పగలిగితే వెళ్ళండి. చెప్పలేకపోతే పాతదే మంచిది. బ్రౌజర్ సంగతి మాత్రం వేరు, అది ఎప్పుడూ తాజాగానే ఉండాలి.

ఇక బయటి దారులు. ముందు డెబ్ ఫైలు (ఉబుంటు ప్యాకేజీ ఫైలు) గురించి, ఎందుకంటే విండోస్ నుంచి వచ్చినవాళ్ళు దీన్ని ఈఎక్స్ఈ లాగే చూస్తారు: దింపు, రెండు క్లిక్‌లు, అయిపోయింది.

డెబ్ ఫైలుని వేయకుండానే లోపలేముందో చూడొచ్చు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఆర్కైవ్ మేనేజర్‌తో తెరవండి. రెండు మూటలు కనిపిస్తాయి. డేటా అన్న మూటలో ప్రోగ్రామ్ ఫైళ్ళుంటాయి. కంట్రోల్ అన్న మూటలో చిన్న స్క్రిప్ట్‌లుంటాయి. "పోస్ట్ఇన్‌స్ట్" అన్న స్క్రిప్ట్ ఉంటే, ప్యాకేజీ వేసిన వెంటనే అది రూట్ హక్కులతో నడుస్తుంది. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చదవండి. మొత్తం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. క్రోమ్ డెబ్‌లో చూస్తే గూగుల్ రిపాజిటరీని మీ సిస్టమ్‌కి చేర్చే భాగం, గూగుల్ సంతకం సరిచూసే తాళం (కీ), పెద్ద అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. అంటే క్రోమ్ ఒక్కటే కాదు, గూగుల్ రెపో కూడా మీ ఇంట్లో చేరుతోంది. రేపటి నుంచి ఆ రెపో పంపే ప్రతి అప్‌డేట్ రూట్ హక్కులతోనే వస్తుంది. బ్రౌజర్‌కి ఇది మంచిదే, సెక్యూరిటీ ప్యాచ్‌లు వెంటవెంటనే వస్తాయి. గూగుల్‌ని ఆ మాత్రం నమ్ముతారా లేదా అన్నది మీ ఇష్టం. కానీ తెలిసి ఒప్పుకోవాలి. రోజూ మీ పాస్‌వర్డ్‌లన్నీ ఆ బ్రౌజర్‌లోనే కొడతారు కాబట్టి ఎలాగూ నమ్ముతున్నట్టే.

ఈ స్క్రిప్ట్‌ని చెడ్డవాళ్ళు ఎలా వాడుకుంటారో చూడండి. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ అనే పేరున్న సాఫ్ట్‌వేర్ విషయంలో జరిగింది. 2023 సెప్టెంబరులో కాస్పర్‌స్కీ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టారు. అసలు సైటుకి వెళ్ళిన కొంతమందిని మాత్రం వేరే అడ్రసుకి మళ్ళించి, అక్కడ నుంచి కలుషితమైన డెబ్ ఇచ్చారు. ప్రోగ్రామ్ మామూలుగానే పని చేసేది. వెనక పోస్ట్ఇన్‌స్ట్ స్క్రిప్ట్ ఒక క్రాన్ పని (తనంతట తాను మళ్ళీ మళ్ళీ నడిచేది) పెట్టి, బ్రౌజింగ్ హిస్టరీ, దాచుకున్న పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్ ఫైళ్ళు పట్టుకెళ్ళేది. 2020 నుంచి 2022 దాకా ఇది నడిచింది. కొంతమంది వాడకందారులు ఈ వింత ఫైళ్ళేమిటని ఇంటర్నెట్‌లో అడిగారు కూడా, వైరస్ అని ఎవరూ అనుకోలేదు. లైనక్స్‌కి వైరస్‌లు రావన్న నమ్మకమే దానికి రక్షణ అయింది. మీ స్నేహితుడికి ఇది చెప్పండి.

ఇక్కడే ఇంకో అపోహ కూడా తీసేయాలి. "పాస్‌వర్డ్ అడగలేదు, కాబట్టి సేఫ్" అనుకుంటారు చాలామంది. రూట్ హక్కులు లేకపోతే సిస్టమ్ ఫైళ్ళు మార్చలేదు, నిజమే. కానీ మీకు విలువైనవి ఎక్కడున్నాయి? మీ హోమ్ ఫోల్డర్‌లో. ఫోటోలు, ఆఫీసు ఫైళ్ళు, ఎస్ఎస్‌హెచ్ తాళాలు, బ్రౌజర్ కుకీలు అన్నీ అక్కడే. మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని చదవగలదు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేయకుండా డబుల్ క్లిక్‌తో నడిచే యాప్ఇమేజ్ ఫైళ్ళు కూడా అంతే. వాటికి మామూలుగా శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్‌ని మిగతా వాటి నుంచి వేరుచేసే కంచె) ఉండదు. తనంతట తాను అప్‌డేట్ అవడం కూడా చాలావాటికి ఉండదు. ఒకసారి దింపి రెండేళ్ళు అలాగే వాడుతుంటారు.

యాప్ఇమేజ్ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. 24.04లో కొన్ని యాప్ఇమేజ్‌లు తెరిస్తే శాండ్‌బాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. ప్రోగ్రామ్‌లు అడ్డగోలుగా నేమ్‌స్పేస్‌లు (సిస్టమ్‌లో వేరుచేసిన గదుల లాంటివి) సృష్టించకుండా ఉబుంటు పెట్టిన కొత్త కట్టడి వల్ల ఇలా అవుతుంది. నెట్‌లో వెతికితే "నో శాండ్‌బాక్స్ అని పక్కన చేర్చండి" అనో, "ఆ కట్టడినే ఆపేయండి" అనో సలహా వస్తుంది. రెండూ చేయొద్దు. మొదటిది ఆ యాప్‌కున్న సొంత రక్షణ తీసేస్తుంది, రెండోది మొత్తం మెషీన్‌కున్న రక్షణ తీసేస్తుంది. అదే యాప్ డెబ్‌గానో ఫ్లాట్‌ప్యాక్‌గానో దొరుకుతుందేమో చూడండి.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనేవి యాప్‌లు వేసే ఇంకో రెండు పద్ధతులు. వాటి గురించి రెండు వైపులా అతిగా మాట్లాడతారు. ఈ రెండింటిలో ఉన్న గొప్ప సుగుణం, యాప్‌ని కొంతవరకు గదిలో పెట్టి తలుపు వేయడం, రూట్‌గా నడిచే స్క్రిప్ట్‌ల బెడద తగ్గించడం. అప్‌డేట్లు తేలిక, తీసేయడం తేలిక. కానీ తలుపు ఎంత మూశారన్నది యాప్‌ని బట్టి ఉంటుంది. స్నాప్‌లో "క్లాసిక్" అని రాసి ఉంటే అసలు తలుపే లేదు. ఫ్లాట్‌ప్యాక్‌కి మొత్తం హోమ్ ఫోల్డర్ మీద రాసే అనుమతి ఉంటే, అది బ్యాష్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైలు మార్చగలదు. తర్వాత టెర్మినల్ తెరిచినప్పుడు అది రాసినది గది బయట నడుస్తుంది. అందుకే ఫ్లాట్‌సీల్ అనే చిన్న యాప్ వేసుకోండి. ఏ యాప్‌కి ఏ ఫోల్డర్ అందుబాటులో ఉందో చూపిస్తుంది, అక్కడికక్కడే స్విచ్ ఆపేయొచ్చు. నేను కొత్త ఫ్లాట్‌ప్యాక్ వేయగానే హోమ్ అనుమతి తీసేసి, డౌన్‌లోడ్స్ ఒక్కటి ఇస్తాను. చాలా యాప్‌లు అలా కూడా బాగానే పని చేస్తాయి. డెస్క్‌టాప్ వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి) మీద నడుస్తోందో లేదో కూడా చూసుకోండి. పాత ఎక్స్11లో అయితే ఒక యాప్ ఇంకో యాప్‌లో మీరు కొట్టే అక్షరాలు వినగలదు.

స్టోర్‌లో ఉంది కదా అని కళ్ళు మూసుకుని నమ్మడానికి కూడా లేదు. 2018 మేలో స్నాప్ స్టోర్‌లో 2048 ఆట పేరుతో ఉన్న ఒక ప్యాకేజీలో క్రిప్టో మైనింగ్ దొరికింది. 2024 ఫిబ్రవరిలో అదే స్టోర్‌లోని నకిలీ ఎక్సోడస్ క్రిప్టో వాలెట్‌లో ఒకాయన తన రికవరీ పదాలు (వాలెట్ తెరిచే రహస్య పదాలు) కొట్టి 9కి పైగా బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. ఆ యాప్‌కి గది ఉంది, తలుపు ఉంది, ఏ ఫైలూ దొంగిలించలేదు. ఆయనే స్వయంగా టైప్ చేసి ఇచ్చాడు. డబ్బుతో సంబంధమున్న ఏ యాప్‌నైనా స్టోర్‌లో పేరు కొట్టి వెతకొద్దు. ఆ కంపెనీ సైటుకి వెళ్ళి, వాళ్ళు ఇచ్చిన లింక్ నుంచే రండి. పేరు పక్కన టిక్ గుర్తు ఉందో లేదో చూడండి. ఆర్చ్ లైనక్స్ వాడే మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకీ ఒక మాట: 2025 జూలైలో ఏయూఆర్‌లో (ఆర్చ్ వాడేవాళ్ళే ప్యాకేజీలు పెట్టే చోటు) ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్ బ్రౌజర్ల పేర్ల వెనక "ప్యాచ్", "ఫిక్స్" అని తగిలించి పెట్టిన ప్యాకేజీల్లో మెషీన్‌ని దూరం నుంచి నడిపే ట్రోజన్ దొరికింది.

సైటు ఇచ్చే ఆ ఒక్క లైన్ సంగతికొద్దాం. అందులో సాధారణంగా కర్ల్ అనే డౌన్‌లోడ్ పనిముట్టుతో ఒక స్క్రిప్ట్ దింపి నేరుగా బ్యాష్‌కి అందిస్తారు. దీన్ని చూడగానే పాపం చేసినట్టు మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. రస్ట్ భాష వేసుకోవడానికి అధికారిక పద్ధతే అది. ఒక సైటు ఇచ్చిన డెబ్‌ని నమ్మి, అదే సైటు హెచ్‌టీటీపీఎస్ మీద ఇచ్చిన స్క్రిప్ట్‌ని నమ్మకపోవడంలో పెద్ద అర్థం లేదు. నా ఇబ్బంది వేరే. డెబ్ అయితే ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో సిస్టమ్ దగ్గర లెక్క ఉంటుంది, తీసేయమంటే తీసేస్తుంది. స్క్రిప్ట్ ఏం చేసిందో ఎక్కడా లెక్క ఉండదు. అందుకని నేరుగా నడపకుండా ముందు ఫైలుగా దింపుకుని చదవండి. ఐదు నిమిషాల పని. సుడో (రూట్ హక్కులతో నడపమనే మాట) ఎక్కడెక్కడ ఉంది? ఆప్ట్ సోర్సెస్ ఫోల్డర్‌లో ఏమైనా రాస్తోందా? సిస్టమ్‌డీ సర్వీసు (వెనకాల నడిచే పని) కానీ క్రాన్ పని కానీ పెడుతోందా? కర్ల్ పక్కన "కె" అని ఉందా? ఉంటే సర్టిఫికెట్ సరిచూడొద్దని అర్థం, అక్కడితో ఆపేయండి. "ట్రస్టెడ్ ఈక్వల్ టు ఎస్" కనిపిస్తే సైటే మూసేయండి. బ్లాగుల నుంచి కాపీ చేసేటప్పుడు టెర్మినల్‌లో కాకుండా ముందు టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేయండి, తెర మీద కనిపించని మాటలు కూడా కాపీ అయ్యే అవకాశం ఉంది. చాట్‌బాట్ చెప్పిన కమాండ్ కూడా ఇలాగే చదవాలి. లేని ప్యాకేజీ పేర్లు అవి ధీమాగా చెప్తుంటాయి, ఆ పేర్లతో ఎవరైనా నిజంగానే ఏదైనా పెట్టి ఉండొచ్చు.

హ్యాష్ సరిపోయింది కాబట్టి సేఫ్ అనుకోవడం కూడా పొరపాటే. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ (ఇంకో లైనక్స్) వెబ్‌సైట్‌లోకే ఎవరో చొరబడి, 17.3 సినమన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) లింకుని దొంగదారి ఉన్న ఐఎస్ఓకి మళ్ళించారు. సైటే వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, అదే పేజీలో ఉన్న హ్యాష్ మార్చడం వాళ్ళకి ఎంత పని? ఆ హ్యాష్ డౌన్‌లోడ్ పాడైందో లేదో చెప్తుంది. ఎవరు తయారు చేశారో చెప్పాలంటే సంతకం కావాలి.

పీపీఏల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. పీపీఏ అంటే ఎవరికి వాళ్ళు నడుపుకునే సొంత రెపో. ఉబుంటు వాళ్ళ లాంచ్‌ప్యాడ్ సైటులో అకౌంట్ ఉన్న ఎవరైనా పీపీఏ తెరవొచ్చు. అడ్రసులో ఉబుంటు వాసన ఉంటుంది కాబట్టి ఉబుంటు వాళ్ళే పరీక్షించారనుకుంటారు. ఎవరూ పరీక్షించరు. ఆ మనిషి మంచివాడే అయినా నాలుగేళ్ళకి ఉద్యోగం మారి వదిలేస్తాడు. మీరు ఉబుంటు కొత్త రిలీజ్‌కి వెళ్ళినప్పుడు బయటి రెపోలన్నిటినీ సిస్టమ్ ఆపేస్తుంది, మీరు మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోతారు. ఆ ప్యాకేజీ అప్‌డేట్ లేకుండా లోపల అలాగే ఉండిపోతుంది. అసలు ప్రాజెక్టు వాళ్ళే నడిపే పీపీఏ అయితే వాడండి. వేరే ఎవరో మంచి మనసుతో కట్టి పెట్టింది అయితే, అది లేకుండా పని జరగదంటేనే వాడండి.

ఏ బయటి రెపో చేర్చినా ఈ రెండు కట్లు వేయండి. మొదటిది, దాని సంతకం తాళం ఆ రెపోకే పరిమితం కావాలి. పాత బ్లాగుల్లో కనిపించే ఆప్ట్-కీ పద్ధతిలో చేర్చిన తాళం, సొంత తాళం కట్టని ఏ రెపోకైనా చెల్లుతుంది, అంటే మీ ప్రింటర్ రెపో తాళంతో అలాంటి వేరే రెపో పేరుతో కూడా సంతకం పెట్టొచ్చు. "సైన్డ్-బై" అనే మాట ఉన్న పద్ధతి వెతకండి. ఆప్ట్-కీ అని ఉన్న బ్లాగు అంటే పాతబడిందని గుర్తు. రెండోది పిన్నింగ్. సైన్డ్-బై ఉన్నా సరే, ఆ రెపో మీ సిస్టమ్‌లోని వేరే ఏ ప్యాకేజీకైనా పెద్ద నంబరుతో కొత్త వెర్షన్ ఇవ్వగలదు, ఆప్ట్ అమాయకంగా తీసుకుంటుంది. దీన్ని ఆపడానికి ఆప్ట్ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు రాయాలి. ఆ రెపో నుంచి వచ్చే అన్ని ప్యాకేజీలకూ ప్రయారిటీ 1 అని, నాకు కావాల్సిన ఆ ఒక్క ప్యాకేజీకి 500 అని. ఆరు లైన్లు. వీఎస్ కోడ్ కోసం పిలిచినవాడు వీఎస్ కోడ్ తప్ప ఇంకేదీ ముట్టుకోలేడు. ఇది చేసేవాళ్ళు చాలా తక్కువ, నాకు తెలిసి ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితమిచ్చేది ఇంకొకటి లేదు. ఒక్క సంగతి మరిచిపోవద్దు: ఆ ఒక్క ప్యాకేజీ స్క్రిప్ట్‌లు మాత్రం రూట్‌గానే నడుస్తాయి, దానికి పిన్ అడ్డం రాదు.

ఇప్పుడు మీ జాబితా.

తెలుగు ఫాంట్ల కోసం ఏ సైటుకీ వెళ్ళొద్దు. ఫాంట్స్-తెలు అని వెతికితే లోహిత్, పోతన, వేమన ఉబుంటు రెపోలోనే దొరుకుతాయి. ఫాంట్స్-తెలుగువిజయం అనే ప్యాకేజీలో మండలి, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లున్నాయి. టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ కూడా అక్కడే ఉంది. బయట నుంచి ఏదైనా ఫాంట్ తెచ్చుకున్నా, దాన్ని హోమ్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో కాపీ చేస్తే సరిపోతుంది. ఫాంట్ వేయడానికి సుడో పాస్‌వర్డ్ అడిగే స్క్రిప్ట్ ఇస్తే అది అనుమానించాల్సిందే.

జూమ్‌కి నా సలహా, బ్రౌజర్‌లోనే మీటింగ్‌లో చేరండి. దాని డెబ్ వెంట రెపో రాదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మీరే గుర్తుపెట్టుకుని దింపాలి, ఎవరూ దింపరు. వారానికి ఒకటి రెండు మీటింగ్‌లకి అదంతా ఎందుకు? బ్రౌజర్‌లో పని జరిగేది ఏదైనా సరే ఇన్‌స్టాల్ చేయకపోవడమే మేలు.

వీఎస్ కోడ్‌ని మాత్రం గదిలో పెట్టొద్దు. ఫ్లాట్‌హబ్‌లో (ఫ్లాట్‌ప్యాక్‌ల స్టోర్‌లో) ఉన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ళది కాదు, పైగా లోపలి టెర్మినల్‌కి మీ కంపైలర్లు కనిపించక సతాయిస్తుంది. మైక్రోసాఫ్ట్ రెపో నుంచి వేసి, పైన చెప్పిన పిన్ వేయండి. దాంట్లో మీరు చూసుకోవాల్సింది ఎక్స్‌టెన్షన్లు. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ మీ ఫైళ్ళన్నిటి మీదా హక్కు ఉంటుంది, రంగుల థీమ్ కోసం తెలియని పేరు నుంచి దింపకండి.

ఓబీఎస్ ఉబుంటు రెపోలో ఉంది. కొత్తది కావాలంటే ఫ్లాట్‌హబ్‌లో టిక్ ఉన్నది, లేదా ఆ ప్రాజెక్టు సొంత పీపీఏ. డిస్ట్రో వాళ్ళు కట్టిందే ఎప్పుడూ మంచిదని కూడా అనుకోవద్దు. ఫెడోరా సొంతంగా కట్టిన ఓబీఎస్ ఫ్లాట్‌ప్యాక్ సరిగ్గా పని చేయక, ఫిర్యాదులన్నీ తమ మీదికి వస్తున్నాయని 2025 ఫిబ్రవరిలో ఓబీఎస్ డెవలపర్లు బహిరంగంగానే గొడవపడాల్సి వచ్చింది.

క్రోమ్ సంగతి పైన చెప్పేశాను, గూగుల్ సైటు నుంచి డెబ్ దింపి వేయండి.

ప్రింటర్ దగ్గరే అసలు కష్టం. ముందు డ్రైవర్ లేకుండా ప్రయత్నించండి. ఈ మధ్య వచ్చిన చాలా ప్రింటర్లు ఐపీపీ అనే పద్ధతిలో డ్రైవర్ అక్కర్లేకుండా పని చేస్తాయి, యూఎస్‌బీ వైరు మీద కూడా. హెచ్‌పీ అయితే వాళ్ళ డ్రైవర్ల ప్యాకేజీ హెచ్‌పీలిప్ రెపోలోనే ఉంది. మీది పాత లేజర్ అంటున్నారు, రెండూ కుదరకపోవచ్చు. అప్పుడు తయారీ కంపెనీ సైటు నుంచి డ్రైవర్ దింపి, విప్పి చదివి, వేయండి. బ్లాగుల జోలికి వెళ్ళకండి.

బావమరిది షాపులో చివరికి నేను చేసింది ఇది. ఆ కంప్యూటర్‌ని పూర్తిగా తుడిచి మళ్ళీ ఉబుంటు వేశాను, ఎందుకంటే రూట్‌గా ఏం నడిచిందో తెలియని మెషీన్‌ని శుభ్రం చేశానని చెప్పడం కుదరదు. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసి, ప్రింటర్ డ్రైవర్ దాంట్లో మాత్రమే వేశాను. కప్స్‌లో (లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే ప్రోగ్రామ్‌లో) ప్రింటర్‌ని షేర్ చేస్తే మిగతా కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద డ్రైవర్ లేకుండానే ప్రింట్ ఇస్తాయి. ఆ పాత ల్యాప్‌టాప్‌లో ఎవరి ఆధార్ కాపీలూ దాచి ఉండవు, దానికి ఇంటర్నెట్ కూడా రౌటర్‌లోనే ఆపేశాను. మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇలా చేయమనే చెప్తాను.

ఈలోగా ఇప్పటికే కొన్ని లైన్లు పేస్ట్ చేశానన్నారు కదా, ముందు అవి చూడాలి. ఈటీసీ ఫోల్డర్‌లో, ఆప్ట్ లోపల, సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డి అనే ఫోల్డర్ తెరవండి. ఉబుంటు డాట్ సోర్సెస్ అనేది ఉబుంటు సొంతది. మిగతావి ఒక్కొక్కటే తెరిచి, ఇది నేను తెలిసి చేర్చానా అని చూడండి. ఏ ప్యాకేజీ ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకపోతే ఆప్ట్ పాలసీ అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే అడ్రసు చెప్తుంది. రెపో ఫైలు తీసేసినంత మాత్రాన దాని నుంచి వచ్చిన ప్యాకేజీ పోదు, రెండూ విడివిడిగా తీయాలి. పీపీఏ అయితే పీపీఏ-పర్జ్ అనే పనిముట్టు రెండూ చేసి, ఉబుంటు వెర్షన్‌ని వెనక్కి తెస్తుంది.

ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళ పేర్లు, మీ ప్రింటర్ మోడల్ నంబరు ఇక్కడ రాయండి. ఏది ఉంచాలో ఏది తీయాలో ఒక్కొక్కటిగా చూద్దాం. అంతవరకు ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని ఆపి, ఫోన్‌లో చేసుకోండి.